అద్దె కంప్యూటరు – సొంత నక్షా

బళ్ళారి నుండి తోరణగల్లుకు పోవు దారిలో కుడతిని ఉన్నది. ఈ ఊరి దాపున పురాతనపు బూడిద దిబ్బ గలదు. కొన్ని వేల యేండ్ల క్రిందట పసులను మేపి బ్రతికిన జనులు పేడను ప్రోగుచేసి కాల్చగా అది ఏర్పడినదని పరిశోధకులు చెప్పుదురు. నేడు కుడతిని యనగానే ఎల్లరకు జ్ఞప్తికి వచ్చునది థర్మల్ విద్యుత్కేంద్రము. 500 మెగావాట్లవి రెండు, 700 మెగావాట్లది ఒకటి, వెరసి 1,700 మెగావాట్ల యంత్రములు అచట నున్నవి. ఒక ప్రక్క పాత బూడిద, మరొక ప్రక్క కొత్త బూడిద. నడుమ రైలు స్టేషను, బజారు, జనుల రాకపోకలు.

ఈ విద్యుత్కేంద్రమునందును, తోరణగల్లు ఉక్కు కర్మాగారమునందును పనిచేయు కుటుంబములు నెల జీతముల వారు. పండుగకును పెండ్లికిని చీరలు కొనువారు. వారు బళ్ళారి బజారుకు పోయి ఏది చేనేతయో ఏది మరమగ్గపు బట్టయో తెలియక కొనుటకంటె, మనమే వారి ఊరికి పోయి నేసిన చేతితోనే చూపిన మేలు గదా యని సరిహద్దుకు ఈవలావల నున్న మన కుటుంబములు కొన్ని కలసి ఆలోచించినవి. కుడతినిలో ఒక పెండ్లి హాలు మాట్లాడి, ఒక దినము అమ్మకపు సభ పెట్టుటకు నిశ్చయించితిమి. ఆ సభలో మేము నేర్చుకొన్న పాఠములను పాఠకులకు విన్నవించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సభకు వచ్చినవారికి నూలు మొదలు చీర మడత వరకు జరుగు పనిని తెరపై బొమ్మలతో చూపవలెననియు, అంచుల నమూనాలను పెద్దవిగా చేసి చూపవలెననియు, బిల్లులు అక్కడికక్కడే అచ్చువేసి ఇయ్యవలెననియు మా సంకల్పము. అందుకు ఒక ల్యాప్‌టాప్ కంప్యూటరు, ఒక ప్రొజెక్టరు, ఒక తెర, ఒక బిల్లుల ప్రింటరు కావలసి వచ్చెను. మాలో ఎవ్వరికిని ఇవి లేవు. ఒక్క దినము పనికి కొనుట తగదని పట్టణములోని ఒక దుకాణము నుండి అద్దెకు తెచ్చితిమి.

ఉదయము పది గంటలకు హాలు నిండెను. తీరా చూడగా ప్రొజెక్టరునకు పాత వి.జి.ఏ. రంధ్రము మాత్రమే యున్నది, కంప్యూటరునకు హెచ్.డి.ఎం.ఐ. రంధ్రము మాత్రమే యున్నది. రెంటిని కలుపు తునక కొరకు మనిషిని పరుగెత్తించి తెప్పించునప్పటికి అరగంట గడచెను. బొమ్మ వచ్చిన పిదప మేము వ్రాసికొనిపోయిన తెలుగు అక్షరములు తెలుగుగా రాక ఏవో పిచ్చి గీతలుగా వచ్చెను. దానిని సరిచేయుచుండగా కరెంటు పోయెను. కిటికీలోనుండి విద్యుత్కేంద్రపు పొగగొట్టము కనబడుచునే యున్నది. హాలులో మాత్రము చీకటి. వచ్చినవారిలో కొందరు నవ్విరి. మేమును నవ్వవలసి వచ్చెను.

అప్పుడు మాలో పెద్దవారొకరు లేచి, బల్లను వాకిలి వెలుగునకు లాగించి, చీర విప్పి పరచి, కండె చేత పట్టుకొని, పడుగు ఏది, పేక ఏది, అంచు ఎట్లు కలియును అని నోటితోనే చెప్పనారంభించిరి. ఆడవారు చుట్టును మూగి తడవి చూచిరి. ఆ దినపు అమ్మకములు ఆ బల్ల వద్దనే జరిగినవి. సాయంకాలము సామానులన్నియు లెక్కపెట్టి దుకాణములో అప్పగించి ఇండ్లకు చేరితిమి.

అసలు కథ ఆ రాత్రి జరిగెను. ఆ పెద్దాయన కోడలు మూడు వారములు కూర్చుండి గ్రాఫు కాగితముపై గీసి, ఫోటో తీసి, కంప్యూటరునకు ఎక్కించిన కొత్త అంచు నక్షా ఒకటి గలదు. ఇంకను మగ్గమునకు ఎక్కని నక్షా. తెరపై చూపుటకై దానిని అద్దె కంప్యూటరులో పెట్టితిమి. తిరిగి ఇచ్చునప్పుడు తీసివేయుట మరచితిమి. ఆ సంగతి అందరికంటె ముందుగా ఆ కోడలికే తోచెను. తెల్లవారి మొదటి బస్సుకు పెద్దాయన దుకాణము వాకిట నున్నారు.

"ఏమప్పా, నిన్న మేము తిరిగిచ్చిన పెట్టెలో మా కోడలు గీసిన అంచు ఉండిపోయినాది. దాన్ని తుడిచి ఇయ్యాల."

"అది పొద్దున్నే వేరేవాళ్ళకు పోయినాది తాతా. మధ్యాహ్నానికి వస్తాది. కూర్చో."

ఆయన కూర్చుండిరి. మధ్యాహ్నము కంప్యూటరు తిరిగి వచ్చెను. దుకాణపు కుర్రవాడు మంచివాడు. ఆయన యెదుటనే నక్షాను తీసివేసెను. "ఆ చెత్తబుట్టలో గూడ తీసెయ్యప్పా. అందులో ఉంటాదంట, మనుమరాలు చెప్పింది" అని ఆయన అడిగి, అదియు చేయించి, అప్పుడు లేచిరి.

నడుమ ఆ కొన్ని గంటలు ఆ కంప్యూటరు ఎవరి యెదుట నుండెనో, ఆ నక్షాను ఎవరైనను చూచిరో లేదో మాకు తెలియదు. కేబులు దొరకకపోయిన అరగంట పోవును. కరెంటు పోయిన మరి అరగంట పోవును. నక్షా పోయినచో ఒక ఇంటి సంవత్సరపు పని పోవును. కావున అద్దెకు తెచ్చుకొనుట తప్పు కాదు గాని, ఎట్లు తేవలెనో, అంతకంటె ముఖ్యముగా ఎట్లు తిరిగి ఇయ్యవలెనో మనము నేర్చుకొనవలసి యున్నది.

అద్దె కొత్త సంగతి కాదు

కంప్యూటరు అద్దెకు తెచ్చుకొనుట బీదతనమునకు గుర్తని మనలో కొందరు తలంతురు. అది సరికాదు. కంప్యూటరు వంశమే అద్దెపై పెరిగినది. ఆ వంశమునకు మన మగ్గముతో చుట్టరికము గలదు.

ఫ్రాన్సు దేశమున లియాన్ పట్టణపు నేతగాని కుమారుడు జోసెఫ్ మారీ జాకార్డు 1804 ప్రాంతమున తన యంత్రమును లోకమునకు చూపెను. అట్టలో రంధ్రమున్న చోట కొక్కెము లేచును, లేని చోట లేవదు. మన జాకార్డు మగ్గముల మీద నేటికిని వ్రేలాడు అట్టల వరుస ఆయన పెట్టిన భిక్షయే. ఆ అట్టలనే 1830 దశకమున ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజీ తాను తలపెట్టిన గణన యంత్రమునకు వాడదలచెను. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హాలెరిత్ రంధ్రముల అట్టలతోనే తేల్చెను. ఆ యంత్రములను జనాభా లెక్కల శాఖవారు కొనలేదు, అద్దెకే తీసికొనిరి.

హాలెరిత్ స్థాపించిన కంపెనీ ఇతర కంపెనీలతో కలసి 1924లో ఐ.బి.యం. అను పేరు దాల్చెను. ఆ కంపెనీ చాల కాలము తన లెక్కల యంత్రములను అద్దెకు మాత్రమే ఇచ్చెడిది. అద్దెతోపాటు అమ్మకమునకును పెట్టవలెనని 1956లో అమెరికా న్యాయస్థానము ద్వారా ఒడంబడిక కుదిరిన తరువాతనే కొనదలచినవారికి కొను వీలు కలిగెను. భారతదేశమునందును ఆ కంపెనీ 1978లో వెడలిపోవువరకు ఎన్నో కచేరీలకు యంత్రములను అద్దెకే ఇచ్చినది. పెద్ద పెద్ద కంపెనీలును ప్రభుత్వములును అద్దెకు వాడిన వస్తువును మనము ఒక దినమునకు అద్దెకు తెచ్చుకొనుటలో చిన్నతనమేమున్నది?

కొనుటయా, అద్దెయా?

మగ్గము వేరు, కంప్యూటరు వేరు. తాత వేసిన మగ్గముపై మనుమడు నేయవచ్చును. కంప్యూటరు అట్టిది కాదు. ఆదాయపు పన్ను లెక్కలలో కంప్యూటరునకు ఏటేట నూటికి 40 వంతున తరుగుదల అంగీకరించుచున్నారు. అనగా 100 రూపాయల వస్తువు మొదటి యేటి కొసకు 60, రెండవ యేటి కొసకు 36, మూడవ యేటి కొసకు 21 రూపాయల 60 పైసలు అగును. ఇది పుస్తకపు లెక్కయే యైనను, బజారు ధర ఎటు పోవునో తెలుసుకొనుటకు చాలును.

ఒక లెక్క వేసికొందము. అంకెలు ఊరికే ఉదాహరణకు. మీ ఊరి ధరలను పెట్టి మీరే వేసికొనుడు. ఒక వస్తువు ధర 40,000 రూపాయలు, దాని రోజు అద్దె 1,000 రూపాయలు అనుకొందము. మూడేండ్లకు పుస్తకములలో మిగులు విలువ 8,640 రూపాయలు. కొన్నవారికి తరుగు 31,360 రూపాయలు. ఏడాదికి ఆరు దినములు మాత్రమే పని యున్నచో మూడేండ్ల అద్దె 18,000 రూపాయలు; అద్దెయే మేలు. ఏడాదికి ఇరువది దినములు పని యున్నచో మూడేండ్ల అద్దె 60,000 రూపాయలు. అప్పుడు కొనుటయే మేలు. ఈ లెక్కలో ఏడాదికి పది దినముల దగ్గర రెండును ఇంచుమించు సమానమగును. మరమ్మతు ఖర్చును, వస్తువు పాతబడి పనికి రాకపోవుటను కూడ చేర్చినచో అద్దె వైపు మరికొంత మొగ్గును.

కావున సంఘములోని వారందరు కూర్చుండి, వచ్చు ఏడాదిలో సభలు ఎన్ని, ప్రదర్శనలు ఎన్ని, వర్తకులను కలసికొనుట ఎన్ని దినములు అని ముందుగా వ్రాసికొనవలెను. బిల్లులకును లెక్కలకును దినదినము వాడు కంప్యూటరు కొనదగినదే. తెర, ప్రొజెక్టరు, పెద్ద టి.వి., మైకు వంటివి అద్దెకు తెచ్చుకొనదగినవి. ఆగస్టు 7వ తేది జాతీయ చేనేత దినము. 2015 నుండి జరుగుచున్నది. ఆ వారమునను, దసరా, ఉగాది, పెండ్లి ముహూర్తముల దినములలోను వస్తువులకు గిరాకి యెక్కువ. అట్టి దినములకు ముందుగా మాట్లాడుకొన్నవారికే మంచి వస్తువు దొరకును.

దుకాణములో అడుగవలసినవి

అద్దె ఎంత యని మాత్రమే అడిగి వచ్చుట మేము చేసిన మొదటి తప్పు. ఈ క్రింది సంగతులు అడిగియుండవలసినది.

మొదటిది, కంప్యూటరును ప్రొజెక్టరును దుకాణములోనే కలిపి వెలిగించి చూపుమని అడుగవలెను. ఏ రంధ్రమునకు ఏ కేబులు కావలయునో అచ్చటనే తేలిపోవును. కేబులు పొడవు కూడ చూచుకొనవలెను. హాలులో తెర ఒక మూల, బల్ల ఒక మూల ఉండును.

రెండవది, ప్రొజెక్టరు వెలుగు. దీనిని లూమెన్లలో కొలుతురు. తలుపులు మూసి చీకటి చేయుటకు వీలులేని హాలులో 3,000 లూమెన్లకు తక్కువ వెలుగుతో బొమ్మ వెలవెలబోవును. ముప్పది నలుబది మంది కూర్చుండు చిన్న హాలైనచో ప్రొజెక్టరు కంటె పెద్ద టి.వి. అద్దెకు తెచ్చుకొనుట మేలు. పగటి వెలుగులో కూడ అది కనబడును.

మూడవది, కరెంటు. ల్యాప్‌టాప్‌కు తన బ్యాటరీ యుండును గాని ప్రొజెక్టరునకు సాధారణముగా ఉండదు. ల్యాప్‌టాప్ సుమారు 65 వాట్లు, ప్రొజెక్టరు సుమారు 300 వాట్లు తినును. ఈ రెంటిని కొంతసేపు మోయగల యు.పి.యస్. పెట్టెను కూడ అద్దెకు అడుగవలెను. హాలులో జనరేటరు గలదని చెప్పినను, అది అందుకొనులోపల ప్రొజెక్టరు ఒక్కసారి ఆరిపోయి వెలుగుట మంచిది కాదు.

నాలుగవది, అక్షరములు. మనవారిలో చాలమంది తెలుగును అను లిపుల వంటి పాత ఫాంటులలో టైపు చేయుదురు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో తెలుగు కనబడదు. కుడతిని వంటి చోట కన్నడ అక్షరములు కూడ కావలెను గదా. ఇంటి కంప్యూటరులోనే అంతయు పి.డి.యఫ్. రూపమునకు మార్చి తీసికొనిపోయినచో ఏ కంప్యూటరులోనైనను ఉన్నది ఉన్నట్లు వచ్చును. మేము ఈ ఒక్క పని చేసియున్నచో ఆనాడు నవ్వులపాలు కాకుండెడివారము.

అయిదవది, మనిషి. వస్తువుతోపాటు దానిని నడుపువానిని పంపుదురా, పంపినచో కూలి అద్దెలో చేరినదా వేరా యని అడుగవలెను. మన పిల్లలలో చదువుకొన్నవారుండిన వారినే ముందునాడు దుకాణమునకు తీసికొనిపోయి నేర్పింపవచ్చును.

ఆరవది, పన్ను. అద్దెకిచ్చువారు జి.యస్.టి. నమోదు గలవారైనచో కంప్యూటరు అద్దెపై నూటికి 18 వంతున పన్ను వేయుదురు. చెప్పిన అద్దెలో అది చేరినదా యని అడుగవలెను. మన సంఘమునకు నమోదు ఉండి, కాంపొజిషన్ పద్ధతిలో లేక యున్నచో, సంఘము పేర సరియైన బిల్లు తీసికొనుట అవసరము. ఆ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా పొందుటకు అదియే ఆధారము.

సరిహద్దువారికి మరియొక మాట. 1953 అక్టోబరు 1వ తేదిన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, బళ్ళారి తాలూకా మైసూరుకును పోయినవి. మన చుట్టములు రెండు ప్రక్కల నున్నారు. మన మగ్గములును రెండు ప్రక్కల నున్నవి. కాని సరకు గీత దాటినచో కాగితము కావలెను. 50,000 రూపాయల విలువ మించిన సరకు రాష్ట్రము దాటునపుడు, అది అమ్మకమునకు కాకున్నను, సామాన్యముగా ఈ-వే బిల్లు ఉండవలెను. ఈ పద్ధతి 2018 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. కావున కుడతినిలో సభ జరుగునపుడు రాయదుర్గము నుండి యంత్రములు మోసికొనివచ్చుట కంటె బళ్ళారిలోనే అద్దెకు తీసికొనుట తేలిక.

చట్టము చెప్పునది

అద్దె వస్తువు చెడినచో ఎవరు భరింపవలెను? ఈ ప్రశ్నకు 1872 సంవత్సరపు భారత కాంట్రాక్టు చట్టమే జవాబు చెప్పుచున్నది. అద్దెకిచ్చిన వస్తువులో ముందే దోషముండి, దానివలన తీసికొన్నవారికి నష్టము కలిగినచో, ఆ దోషము తనకు తెలియదని ఇచ్చినవాడు తప్పించుకొనలేడని 150వ సెక్షను. సామాన్య వివేకము గలవాడు తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూచుకొనునో, తీసికొన్నవారు అంత జాగ్రత్తగా దీనిని చూడవలెనని 151వ సెక్షను. అట్లు చూచినను వస్తువు చెడినచో, వేరు ఒప్పందము లేనంత వరకు, తీసికొన్నవారు బాధ్యులు కారని 152వ సెక్షను. గడువు దాటినను తిరిగి ఇయ్యనిచో ఆ పిమ్మట కలుగు నష్టమునకు తీసికొన్నవారే బాధ్యులని 161వ సెక్షను.

"వేరు ఒప్పందము లేనంత వరకు" అను మాటను గుర్తుంచుకొనవలెను. దుకాణమువారు సంతకము చేయుమని ఇచ్చు కాగితములో చిన్న అక్షరములతో ఏమున్నదో చదువక సంతకము చేయరాదు. వస్తువు తీసికొనునపుడే దానిపై నున్న నంబరును, గీతలను, విరుగుళ్ళను ఫోనుతో ఫోటో తీసి యుంచవలెను. డిపాజిటు ఎంత, ఎప్పుడు తిరిగి ఇత్తురు అనుదానిని వ్రాయించుకొనవలెను. ఆధారు కార్డు అసలును ఎవరివద్దను తాకట్టుగా ఉంచరాదు. నంబరులో చివరి నాలుగంకెలు మాత్రము కనబడు మాస్క్‌డ్ ఆధారు నకలు ఇచ్చిన చాలును.

తెరపై రంగు, చేతిలో చీర

ఆనాడు మేము కనుగొన్న మరియొక సంగతి రంగును గూర్చినది. ఎర్రని చీర తెరపై ఇటుక రంగుగా కనబడెను. నెమలి కంఠపు రంగు ఉత్త నీలముగా మారెను. ఇది దుకాణమువారి తప్పు కాదు. ప్రొజెక్టరు వెలుగు, హాలు దీపములు, తెర తెలుపు అన్నియు కలసి రంగును మార్చును. ఒక ఊరిలో ఒక తీరుగను, ఇంకొక ఊరిలో ఇంకొక తీరుగను కనబడును.

కావున తెరపై రంగును అమ్మరాదు. నేత పని ఎట్లు జరుగునో తెరపై చూపవలెను. అంచు గీత, కొంగు పోకడ పెద్దవిగా చూపవలెను. రంగు మాత్రము చేతిలో చీరగా చూపవలెను. తెరలో చూచి చీర అడిగి, చేతికి వచ్చిన పిదప "ఇది ఆ రంగు కాదే" యని కొనువారు అన్నచో మన మాట పోవును. అద్దె యంత్రము వలన మనకు వచ్చు మేలు చూచువారిని బల్ల దగ్గరకు పిలుచుకొని వచ్చుట వరకే. బల్ల దగ్గర అమ్మవలసినది చీరయే.

నక్షా ఇంటికి రావలెను

ఇక ముఖ్యమైన మాట. కంప్యూటరులో ఒక దస్త్రమును డిలీట్ చేసినచో అది సాధారణముగా రీసైకిల్ బిన్ అను చెత్తబుట్టలో చేరును. అచటినుండి ఎవరైనను మరల తీయవచ్చును. చెత్తబుట్టను ఖాళీ చేసినను, నేర్పరి కొన్ని సందర్భములలో దానిని తిరిగి తీయగలడు. కావున తుడుచుట కంటె ఎక్కింపకుండుట మేలు.

అందుకు దారి సులువైనదే. చూపవలసినవన్నియు సొంత పెన్‌డ్రైవులో ఉంచి, దానినుండియే తెరచి చూపవలెను. అద్దె కంప్యూటరులోనికి నకలు చేయరాదు. ముందు ఈ రీతిగా తెరచి చూచుకొని, పని చేయునని రూఢి చేసికొనవలెను. సభ ముగియగానే పెన్‌డ్రైవును మొలలో పెట్టుకొనవలెను. ఫోనులోని వాట్సాప్‌ను అద్దె కంప్యూటరునకు కలిపినచో, కంప్యూటరు తిరిగి ఇచ్చుటకు ముందే ఫోనులో లింక్డ్ డివైసెస్ అను చోటికి పోయి దానిని తెగగొట్టవలెను. మెయిలు తెరచినచో లాగౌట్ చేయవలెను. బిల్లులలో కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు ఉండును. అవి మనలను నమ్మి ఇచ్చినవి. వాటిని పరాయి పెట్టెలో వదలి వచ్చుట తగదు. అన్నింటికంటె మేలైన దారి, దుకాణమునుండి తెరయు ప్రొజెక్టరును మాత్రమే తెచ్చి, కంప్యూటరును సంఘములోనివారిది ఎవరిదైన వాడుకొనుట.

కొత్త నక్షాను సభలో చూపవచ్చునా అనునది వేరు ప్రశ్న. 2000 సంవత్సరపు డిజైన్ల చట్టము క్రింద కొత్త డిజైనును నమోదు చేయించుకొన్నచో పది సంవత్సరములును, కోరి పొడిగించుకొన్నచో మరి అయిదు సంవత్సరములును హక్కు లభించును. కాని దరఖాస్తుకు ముందే ఆ డిజైను లోకమునకు వెల్లడియైనచో అది కొత్తది కాదని నమోదు నిరాకరింపవచ్చును. అనగా మన నక్షాను మనమే తెరపై పదిమందికి చూపి, తరువాత నమోదునకు పోయినచో చిక్కు వచ్చును. కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన ప్రదర్శనలకు మాత్రము ఒక మినహాయింపు గలదు. ముందుగా కంట్రోలరుకు తెలిపి, ప్రదర్శించిన ఆరు నెలలలోపల దరఖాస్తు చేసికొన్నచో ఆ ప్రదర్శన అడ్డురాదు. మన పెండ్లి హాలు సభ అట్టిది కాదు. నమ్మి ఇచ్చినదానిని ఇంకొకరు ద్రోహముతో బయటపెట్టినచో చట్టము రక్షించును గాని, ద్రోహము జరిగినదని రుజువు చేయుట నేతగానికి తేలిక కాదు.

తాతల నాటి రుద్రాక్ష అంచు, హంసల అంచు వంటివి ఎవరి సొత్తును కావు. వాటిని ధారాళముగా చూపవచ్చును. కోడలు మూడు వారములు కూర్చుండి గీసినది మాత్రము ముందు నమోదునకు పోవలెను, లేదా మగ్గమెక్కి బజారుకు రావలెను. ఆ తరువాతనే తెరకు రావలెను. ఈ క్రమము తప్పరాదు.

కలసి తెచ్చుకొందము

నలువురు కలసి ఒక అద్దె భరించుట మనకు కొత్త కాదు. మన చెంతనే యున్న ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును నెలకొల్పినపుడు ఆధారమైనది ఇదియే: ఒక్కనికి భారమైనది పదిమందికి తేలిక. ఒకే వారములో కుడతినిలో ఒక సభ, తోరణగల్లులో ఒక సభ, బళ్ళారిలో ఒక సభ పెట్టుకొన్నచో దుకాణమువారు వారపు అద్దెకు దిగివత్తురేమో అడిగి చూడవచ్చును. మూడు సభలకు ఒకే యంత్రము, ఒకే పిల్లవాడు, ఒకే పి.డి.యఫ్. చాలును. ఒక చోట నేర్చిన పాఠము రెండవ చోట అక్కరకు వచ్చును.

కుడతినిలో మరల సభ పెట్టవలెనని అచటి ఆడవారే అడుగుచున్నారు. ఈ మారు ముందునాటి సాయంకాలమే హాలులో అంతయు కలిపి వెలిగించి చూతుము. యు.పి.యస్. పెట్టెను మరువము. కండెను, చీరను, బల్లను అంతకన్న మరువము. పెద్దాయన కోడలు తన అంచును నమోదునకు పంపు కాగితములు సిద్ధము చేయుచున్నది. ఈ మారు పెన్‌డ్రైవు తన చేతనే యుండునని ఆమె ముందే చెప్పినది, మామగారు సరేయన్నారు.

మీ ఊళ్ళలో ఇట్టి యంత్రములు అద్దెకు తెచ్చినవారు తాము ఇచ్చిన అద్దె ఎంత, చూచిన మేలేమి, పడిన ఇబ్బంది యేమి మాకు వ్రాయుడు. దుకాణముల పేర్లు అవసరము లేదు. అంకెలును అనుభవమును చాలును. వచ్చు సంచికలలో వాటిని ప్రకటించినచో, తరువాత పోవు కుటుంబము మా వలె అరగంట కేబులు కొరకు పరుగెత్తకుండును. యంత్రము సాయంకాలమునకు దుకాణమునకు పోవలసినదే. నక్షా మాత్రము మన వెంట ఇంటికి రావలెను.